సీరియల్ సగంలో ఆగిపోకుండా పాఠకుల స్పందనను ఎలా వాడుకోవాలి?

నల్లరేగడి · శుక్రవారం, రాత్రి 9:10
సీరియల్ రాసేవాళ్ల కోసం ఈ చర్చ. మొదటి మూడు నాలుగు భాగాలకి బోలెడు స్పందన వస్తుంది. ఎనిమిదో తొమ్మిదో భాగానికి వచ్చేసరికి పల్చబడుతుంది, దాంతోపాటే రాసేవాళ్ల చెయ్యీ ఆడదు. అలా సగంలో ఆగినవి ఏ యాప్ తెరిచినా కనిపిస్తాయి. నా ప్రశ్నలు రెండు. ఎలాంటి స్పందన వస్తే మనిషి మళ్లీ రాయడానికి కూర్చుంటాడు? దాన్ని అదృష్టానికి వదిలేయకుండా మనమే రప్పించుకునే పద్ధతులేమైనా ఉన్నాయా? "ఫలితం ఆశించకుండా రాయండి" అన్న సలహా మాత్రం దయచేసి వద్దు. అది అందరికీ తెలిసిందే, దానివల్ల ఒక్క పేజీ కూడా కదల్లేదు.

పాతవారపత్రిక · శుక్రవారం, రాత్రి 10:02
ముందు పాత సంగతి చెప్పుకుంటే ఇప్పటి తేడా తెలుస్తుంది. వారపత్రికల రోజుల్లో స్పందన అంటే పోస్టుకార్డు. ఒక సంచిక ఊళ్లకు చేరాలి, పాఠకుడు చదవాలి, కార్డు రాయాలి, అది ఆఫీసుకు రావాలి, ఉత్తరాల పేజీలో చోటు దొరకాలి. ఇదంతా అయ్యేసరికి రెండు మూడు సంచికలు దాటిపోయేవి. ఆ లోపు రచయిత ముందు భాగాలు ఇచ్చేసి ఉండేవాడు. అంచేత స్పందన కోసం చేతులు కట్టుకుని కూర్చునే వీలే లేదు. పైగా కార్డు మీద చోటు తక్కువ. "బాగుంది" అని ఒక్క మాట రాయడానికి ఎవరూ పోస్టాఫీసు దాకా వెళ్లరు కదా, రాసినవాళ్లు ఫలానా సన్నివేశం, ఫలానా పాత్ర అని పేరుపెట్టి రాసేవాళ్లు. ఇప్పుడు స్పందన క్షణంలో వస్తోంది, కానీ బొటనవేలి బొమ్మలా వస్తోంది.

ఉత్తరాల మీదే నిలబడిన రచన కావాలంటే మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' శీర్షిక ఉంది. 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో మొదలై దాదాపు ఐదు దశాబ్దాలు నడిచింది. పాఠకుల ప్రశ్నే అక్కడ ముడిసరుకు. వచ్చే వారం ఏం రాయాలన్న బెంగ సగం పాఠకులే తీర్చేవారు.

బయటి ఉదాహరణ ఒకటి. ఇంగ్లిష్ నవలాకారుడు డికెన్స్ 'పిక్‌విక్ పేపర్స్' 1836లో నెలకో భాగంగా మొదలైంది. మొదట్లో అమ్మకం వందల్లోనే. నాలుగో భాగంలో శామ్ వెల్లర్ అనే పాత్ర వచ్చాక జనం ఎగబడ్డారు. డికెన్స్ ఆ పాత్రకి చోటు పెంచాడు, చివరికి అమ్మకం 40 వేలకు చేరింది. 'మార్టిన్ చజిల్‌విట్' నవల అప్పుడు అమ్మకం పడిపోతే కథానాయకుణ్ణి ఉన్నపళంగా అమెరికా పంపించాడు. దానివల్ల అమ్మకం పెద్దగా లేవలేదు, అది గుర్తుపెట్టుకోవాలి. అంకె పడిందని తెలుసు, ఎందుకు పడిందో తెలియకుండా మందు వేశాడు.

అక్షరలెక్క · శుక్రవారం, రాత్రి 10:40
ఆ ఆఖరి వాక్యం దగ్గరే నా మాట. ప్రతిలిపి లాంటి కథల యాప్‌లలో ఏ భాగాన్ని ఎంతమంది చదివారో విడివిడిగా కనిపిస్తుంది. చాలామంది మొత్తం కలిపి చూసుకుని మురిసిపోతారు, లేదా మొదటి భాగంతో పోల్చుకుని ఏడుస్తారు. రెండూ దండగే. ప్రతి భాగాన్నీ దాని ముందు భాగంతో పోల్చాలి.

ఉదాహరణకు 1వ భాగం 1,000 మంది, 2వది 420, 3వది 360, 4వది 345, 5వది 210 అనుకోండి. ఒకటి నుంచి రెండుకి పడేది పట్టించుకోవద్దు. పేరు చూసో బొమ్మ చూసో తొంగిచూసినవాళ్లు వాళ్లు, మన పాఠకులు కారు. 2 నుంచి 3కి 86 శాతం నిలిచారు, 3 నుంచి 4కి 96. బ్రహ్మాండం. 4 నుంచి 5కి 61. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఏమిటంటే 5వ భాగాన్ని తిరగరాయడం. 5 తెరవనివాళ్లు 5ని చదవనే లేదు కదండీ! వాళ్లు విసిగింది 4వ భాగంతో, ముఖ్యంగా దాని చివరి పేజీతో. బాగు చెయ్యాల్సింది అది.

ఇంకో మెలిక. 1వ భాగం పెట్టి రెండు నెలలైంది, 5వది నిన్న పెట్టారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే లెక్క తప్పుతుంది. ఏ భాగానికైనా పెట్టిన ఏడో రోజు అంకె రాసి పెట్టుకోండి, వాటినే పోల్చండి. మధ్యలో పది రోజులు ఆలస్యం చేసి ఉంటే ఆ పడిపోవడానికి కథతో సంబంధం లేకపోవచ్చు, అది కూడా పక్కన రాసుకోవాలి.

గోదారిగట్టు · శుక్రవారం, రాత్రి 11:15
లెక్క బాగుంది అన్నా. కానీ అంకె చూస్తే ఎక్కడ పోయారో తెలుస్తుంది, ఎందుకు పోయారో తెలీదు. అది చెప్పేదెవరు?

చివరిపేజీ · శనివారం, ఉదయం 6:50
అది చెప్పడానికి నలుగురైదుగురు ముందుచూపు పాఠకులు, అంటే భాగం పెట్టకముందే చదివి చెప్పేవాళ్లు, చాలు. పదిమందికి ఇస్తే ఎవరికి వారు మిగతావాళ్లు చదువుతారులే అనుకుంటారు. ఐదుగురిలో ఒకరు ఆ రకం కథలు బాగా చదివేవాళ్లు, ఒకరు అసలు చదవనివాళ్లు, ఒకరు వయసులో పెద్దవాళ్లు, ఒకరు కథ జరిగే ప్రాంతం వాళ్లు ఉంటే మంచిది. ఇంట్లోవాళ్లను లెక్కలోకి తీసుకోవద్దు. వాళ్లు కథని కాదు, మిమ్మల్ని చదువుతారు.

"ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అని వస్తుంది. మర్యాద గల మనిషి ఇంకేం చెప్తాడు? ఈ మూడు అడగండి: చదువుతూ ఎక్కడ ఫోన్ పక్కన పెట్టారు? ఏ పాత్ర ఎవరో గుర్తు రాక వెనక్కి వెళ్లారు? తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నారు? మూడోది అన్నిటికన్నా పదునైనది. ఐదుగురూ ఒకే ఊహ చెప్పి, మీరు రాయబోయేదీ అదే అయితే ఉత్కంఠ లేదన్నమాట. ఐదుగురూ "ఏమో" అంటే వాళ్ల చేతికి దారమే ఇవ్వలేదన్నమాట.

ఓపిక ఉన్నవాళ్లకు కాగితం మీద ఇచ్చి పక్కన గుర్తులు పెట్టమనండి. విసుగొస్తే 'వి', అర్థం కాకపోతే 'అ', నమ్మబుద్ధి కాకపోతే 'న', నచ్చితే ఒక గీత. వివరణ అడగొద్దు. వివరణ అడిగితే విమర్శకులైపోతారు, గుర్తులు పెట్టమంటే పాఠకులుగానే ఉంటారు. గీతలు ఉన్న చోట్లు కూడా చూసుకోండి. రాత ఆగినప్పుడు మళ్లీ ఎక్కడ పట్టుకోవాలో చెప్పేవి అవే.

ఒక చిన్న సంగతి, దీనివల్ల సగం స్పందనలు పోతాయి. అను ఫాంట్లలో (అచ్చుపనికి వాడే పాత రకం తెలుగు ఫాంట్లు) టైపు చేసిన పేజ్‌మేకర్ (పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్) ఫైలు అలాగే వాట్సాప్‌లో పంపితే అవతల తెరుచుకోదు. అందులోని అక్షరాలు కాపీ చేసి పంపితే పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. పాపం మొహమాటానికి "చదివానండి, బాగుంది" అనేస్తారు. ఏ ఫోన్‌లోనైనా కనిపించే యూనికోడ్‌లోకి మార్చి, పేజీ ఎ5 సైజు పెట్టి, అక్షరం 16 పాయింట్లు చేసి పీడీఎఫ్ పంపండి. ఫోన్‌లో పక్కకి జరపకుండా చదవగలగాలి.

మనసుమాస్టారు · శనివారం, ఉదయం 9:30
మొదటి ప్రశ్నకి, అంటే ఎలాంటి స్పందన రాయిస్తుందన్నదానికి, పరిశోధనలో కొంత జవాబు ఉంది. క్లూగర్, డెనీసీ అనే ఇద్దరు 1996లో ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా వచ్చిన ఎన్నో ప్రయోగాలు కలిపి చూశారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు దిగజారింది. వాళ్లు ఇచ్చిన కారణం: దృష్టి పని మీద నుంచి మనిషి మీదకు మళ్లితే ఫలితం తగ్గుతుంది. మన భాషలో చెప్పాలంటే "మీరు గొప్ప రచయిత" అన్న పొగడ్త కూడా చెరుపు చెయ్యొచ్చు. తర్వాతి భాగం రాసేటప్పుడు కథ గురించి కాకుండా ఆ గొప్పదనం నిలుపుకోవడం గురించి ఆలోచిస్తాం. "బస్టాండులో తండ్రి చిల్లర లెక్కపెట్టుకునే చోటు పట్టేసింది" అంటే దృష్టి పని మీదే ఉంటుంది.

1971లో ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విద్యార్థులకు పజిళ్లు ఇచ్చి చూశాడు. డబ్బిచ్చి ఆపేస్తే ఆ పని మీద ఆసక్తి తగ్గింది, మాటతో మెచ్చుకుంటే అలా తగ్గలేదు. యాప్‌లో నెలకింత ఆదాయం వచ్చి ఆగిపోయినవాళ్ల చేత మళ్లీ రాయించడం ఎందుకు కష్టమో దీన్నిబట్టి ఊహించొచ్చు.

మూడోది అచ్చంగా రాసేవాళ్ల మీద చేసినదే. వేరే ఇద్దరు పరిశోధకులు వికీపీడియాలో అందరికంటే ఎక్కువ పనిచేసే 1 శాతం మందిలోంచి 200 మందిని తీసుకుని, లాటరీ పద్ధతిలో 100 మందికి తోటి సభ్యుడు ఇచ్చినట్టుగా ఒక పతకం బొమ్మ ఇచ్చారు. తర్వాత 90 రోజుల్లో వాళ్ల పని పతకం రానివాళ్ల కంటే 60 శాతం ఎక్కువగా ఉంది. ఇది 2012లో అచ్చయింది. ఆ ఇద్దరే రెండేళ్ల తర్వాత తక్కువ రాసేవాళ్ల మీద కూడా ప్రయత్నిస్తే అంత ప్రభావం కనిపించలేదు. కాబట్టి పొగడ్త అందరి చేతా రాయించదు. ఇప్పటికే రాస్తున్నవాళ్లని నిలబెడుతుంది.

పుల్లగోంగూర · శనివారం, ఉదయం 11:05
అంతా బాగానే ఉంది గానీ, ఈ లెక్కలూ గుర్తులూ పెట్టుకుంటే రాసేవాడు వంటమాస్టరు అయిపోడూ? నలుగురు కారం ఎక్కువంటే తగ్గించి, నలుగురు తక్కువంటే పెంచి! కానన్ డాయిల్ సంగతి చూడండి. చారిత్రక నవలలు రాసుకోవాలని 1893 డిసెంబరులో తన డిటెక్టివ్ పాత్ర షెర్లాక్ హోమ్స్‌ని చంపేశాడు. జనం ఊరుకోలేదు. 1901లో పాత కేసు అని ఒకటి రాశాడు, 1903లో ఏకంగా బతికించాడు. పాఠకులు ఆయన చేత రాయించారు, నిజమే. ఆయన రాయాలనుకున్నది మాత్రం కాదు. మన సీరియళ్లలో హీరో హీరోయిన్లు ఎప్పటికీ విడిపోకుండా ఉండటానికి కారణం కూడా ఇదే.

పాతవారపత్రిక · శనివారం, ఉదయం 11:40
హోమ్స్ తిరిగి రావడంలో ఉత్తరాల కంటే అమెరికా పత్రిక ఇస్తానన్న డబ్బు వాటా ఎక్కువండీ. అయినా మీ మాటలో నిజముంది. మేలు చేసిన ఉదాహరణ కూడా ఒకటి చూడండి. 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'లో మిస్ మౌచర్ అనే పొట్టి మనిషి పాత్ర 1849 డిసెంబరు భాగంలో వచ్చింది. డికెన్స్ ఉండే చోటికి దగ్గర్లోనే ఉన్న ఒక మహిళ అది తననే చూసి రాశారని గుర్తుపట్టి, తనకెంత బాధ కలిగిందో ఉత్తరం రాసింది. ఆ పాత్రని దుర్మార్గురాలిగా నడపాలనుకున్నవాడు దారి మార్చాడు. 1850 మార్చి భాగంలో ఆమె మంచి మనిషిగా తిరిగొస్తుంది. నెలల తరబడి నడిచే రచన కాబట్టే ఆ వీలు దొరికింది. పుస్తకం అచ్చయ్యాక ఉత్తరం వచ్చి ఉంటే క్షమాపణ తప్ప ఏం చేయగలడు?

చివరిపేజీ · శనివారం, మధ్యాహ్నం 1:20
పుల్లగోంగూర గారికి: పాఠకుడు చెప్పిన చోటు తీసుకోవాలి, చెప్పిన మందు తీసుకోకూడదు. "ఆమె అతన్ని క్షమించేస్తే బాగుండేది" అని ముగ్గురు అన్నారంటే క్షమింపజేయమని కాదు. ఆమె కోపానికి ముందు తగినంత కారణం కనిపించలేదని అర్థం. రెండు భాగాల వెనక్కి వెళ్లి ఆ కారణం గట్టిగా పెట్టాలి. ముగింపు మీదే.

ఎంతమంది అంటే వినాలో కూడా ఒక కొలత పెట్టుకోండి. ఒక్కరంటే అది అభిరుచి, రాసి పక్కన పెట్టండి. ఒకరితో ఒకరికి పరిచయం లేని ముగ్గురు ఒకే పేరా దగ్గర ఆగితే మరమ్మతు చేయాల్సిందే. పరిచయం లేనివాళ్లు అన్నది ముఖ్యం. ఒకే వాట్సాప్ గ్రూపులో ముగ్గురంటే అది ఒక్క అభిప్రాయమే.

ఓరుగల్లు · శనివారం, మధ్యాహ్నం 2:15
ఒకటి అడుగుత. తెలంగాణ మాటల్ల రాస్తే సగం స్పందన "తప్పులు ఎక్కువున్నయ్, దిద్దుకోండి" అని వస్తది. కొత్తగ రాసేటోళ్లు అది చూసి మొత్తం పుస్తకాల భాషల రాసుడు మొదలువెడ్తరు, కథ సచ్చిపోతది. దీన్ని ఏ లెక్కల వెయ్యాలె?

అచ్చుతప్పు · శనివారం, మధ్యాహ్నం 2:50
అన్నా, దీనికి ఒక తేలిక పద్ధతి ఉంది. కథ మొదలుపెట్టేముందే ఒక పేజీ రాసుకోవాలె: క్రియలు ఎట్ల రాస్తం, సున్నా ఎక్కడ, పొల్లు ఎక్కడ, సంభాషణలో ఒక తీరా, కథనంలో ఒక తీరా. ఆ పేజీకి తగ్గట్టు ఉంటే అది యాస. ఒకే పాత్ర ఒక చోట "పోయిండు", ఇంకో చోట "పోయాడు" అంటే అది తప్పే, చెప్పినవాడు ఏ జిల్లావాడైనా సరే. 'ళ'కి 'ల', 'ణ'కి 'న', ఒత్తు పడకపోవడం, ఇవి టైపింగ్ తప్పులు, వెంటనే దిద్దాలె. మిగతావాటికి "ఇది పాత్ర యాస అండీ" అని ఒక్క వాక్యం జవాబు చాలు. అట్లాంటి వాదనలో పొద్దు పోగొట్టుకుంటే ఆ వారం భాగం రాదు.

నీలిసిరా · శనివారం, సాయంత్రం 4:30
ఆడవాళ్ల వైపు నుంచి ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. మన ఆదివారం అనుబంధాల్లో కథ చివర రచయిత ఫోన్ నంబరు వేసే అలవాటుంది. కథ వచ్చిన రోజు పొద్దున్నే మొదలవుతాయి ఫోన్లు, మంగళవారానికి తగ్గుతాయి. వాటిలో బంగారం లాంటివి ఉంటాయి, వెకిలివీ ఉంటాయి. రెండో రకం వల్ల రాయడం మానేసినవాళ్లున్నారు. కథతో పాటు పంపే హామీపత్రంలో (కథ సొంతదేనని రాసిచ్చే కాగితం) నంబరు ఆఫీసు వరకే, అచ్చుకి మెయిల్ ఇస్తున్నానని స్పష్టంగా రాయండి. నంబరే వేయాలంటే దీనికని వేరే సిమ్ పెట్టుకోండి, ఫొటో పెట్టని వాట్సాప్ పెట్టండి, ఉదయం 9 నుంచి 12 దాకా మాత్రమే ఎత్తండి. హద్దు దాటిన సందేశాన్ని చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసి బ్లాక్ చేయండి. తెలంగాణలో షీ టీమ్స్‌కి, ఎక్కడివాళ్లైనా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌కి ఫిర్యాదు ఇవ్వడానికి ఆ స్క్రీన్‌షాటే ఆధారం.

మంచి ఫోన్ వచ్చినప్పుడు మాత్రం "థ్యాంక్సండీ" అని పెట్టేయకండి. ఏ ఊరు, కథలో ఏ చోటు గుర్తుండిపోయింది, అని రెండు అడగండి. మాటల్లో వాళ్ల సొంత కష్టం చెప్తారు చాలామంది. వినండి. వాళ్లనడక్కుండా దాన్ని తర్వాతి కథలో పెట్టకండి.

అక్షరలెక్క · శనివారం, సాయంత్రం 5:10
నీలిసిరా మేడమ్ చెప్పినదానికి అవతలి వైపు కూడా ఉంది, తియ్యటి బెడద. "నా కథకి రివ్యూ పెట్టండి, మీ కథకి పెడతాను" అనే గ్రూపులు. వాటి స్పందన కొలవడానికి పనికిరాదు. గుర్తుపట్టడం తేలిక: 1,500 పదాల భాగం పెట్టిన నిమిషంలోపే అయిదు నక్షత్రాలు పడతాయి, మాటల్లో పాత్ర పేరు ఒక్కటీ ఉండదు, ఆ మాటలే ఇంకో కథ కిందా ఉంటాయి. తప్పని నేననను, ఉత్సాహానికి కొందరికి అదీ కావాలి. కానీ ఆ గ్రూపువాళ్లని పాఠకుల లెక్కలో వేసుకుంటే అసలు పాఠకులు జారిపోతున్నది కనపడదు. వాళ్లు మన దగ్గర చెల్లు తీరేదాకానే ఉంటారు.

నల్లరేగడి · శనివారం, రాత్రి 8:45
చాలా పనికొచ్చే మాటలు. ఒక్కటి మిగిలింది. అసలు ఎవరూ ఏమీ అనకపోతే? మూడు వారాలు ఒక్క ముక్క లేకపోతే ఏ పద్ధతి నిలబెడుతుంది?

చివరిపేజీ · శనివారం, రాత్రి 9:30
మౌనానికి మందు వరస మార్చుకోవడం. చాలామంది భాగం పెడతారు, స్పందన కోసం చూస్తారు, వస్తే తర్వాతిది రాస్తారు. ఆ వరసలో మౌనం వస్తే బండి ఆగినట్టే. చేతిలో నాలుగు భాగాలు నిలవ ఉండేదాకా మొదటిది పెట్టనే పెట్టకండి. అప్పుడు 5వ భాగం మీద స్పందన వచ్చేసరికి మీరు 9వది రాస్తుంటారు. పొగడ్త వచ్చినా, మౌనం వచ్చినా ఆ రోజు రాయాల్సిన పేజీకి దాంతో పని ఉండదు. మార్పు అవసరమైతే చేతిలో ఉన్న మూడు నాలుగు భాగాల్లో చేసుకునే వీలుంటుంది. వారానికి ఒక భాగం పెడుతుంటే, నిలవ రెండుకి పడిపోయిందంటే ప్రమాద సూచన. ఒక వారం పెట్టడం ఆపండి, ఆ సంగతి ముందే చెప్పండి: "వచ్చే వారం సెలవు, 14వ తేదీన వస్తుంది." తేదీ చెప్పి ఆగితే పాఠకులు ఉంటారు, చెప్పకుండా ఆగితే పోతారు.

రెండోది, పెట్టిన 48 గంటలదాకా స్పందనలు తెరిచి చూడకండి. తర్వాత రోజుకి ఒక్కసారి, 20 నిమిషాలు, అది కూడా ఆ రోజు రాత పూర్తయ్యాక. జవాబులన్నీ అప్పుడే. ముందు చోటు పట్టి చెప్పినవాళ్లకి, తర్వాత మిగిలినవాళ్లకి.

మూడోది, జంట కుదుర్చుకోవడం. రాసే ఇంకొకరితో ఒప్పందం: ప్రతి ఆదివారం సాయంత్రం ఎవరి భాగం వాళ్లు ఫోన్‌లో పైకి చదివి రెండోవారికి వినిపించాలి. వినేవాళ్లు రెండే చెప్పాలి, ఎక్కడ చెవి నిలిచింది, ఎక్కడ జారింది. అరగంట పని. వందమంది మౌనంగా ఉన్నా ఆదివారం ఒకరు వింటారన్న బెత్తం చాలా పేజీలు రాయిస్తుంది. జంట తెగిపోయేది సాధారణంగా ఒకరు నెమ్మదిగా, ఒకరు వేగంగా రాయడంవల్ల. అంచేత పేజీల సంఖ్య ముందే సమానంగా పెట్టుకోండి, వారానికి నాలుగైనా చాలు.

శనివారంచదువరి · శనివారం, రాత్రి 10:20
ఇక్కడ అందరూ రాసేవాళ్లే ఉన్నట్టున్నారు, చదివేవాళ్ల తరఫున ఒక మాట. మేం రాయకపోవడానికి కారణం నచ్చకపోవడం కాదండీ, ఏం రాయాలో తెలియకపోవడం. పెద్దపెద్ద విమర్శలు చూసి మాకంత రాదులే అనుకుంటాం. భాగం చివర "ఎలా ఉందో చెప్పండి" అని కాకుండా ఒక చిన్న ప్రశ్న వేసి చూడండి: "రత్తమ్మ ఆ ఉత్తరం దాచడం సబబేనా?" లాంటిది. దానికి జవాబు ఎవరైనా చెప్పగలరు, చెప్పాక ఇంకో రెండు వాక్యాలు వాటంతటవే వస్తాయి. ప్రతి భాగానికీ వేస్తే మాత్రం పరీక్ష పేపరులా ఉంటుంది, మూడు భాగాలకొకటి చాలు.

గోదారిగట్టు · ఆదివారం, ఉదయం 7:05
చివరిపేజీ గారూ, అను నుంచి యూనికోడ్‌కి మార్చితే ఒత్తులు తారుమారవుతున్నాయి. ఐదుగురికి పంపేముందు మొత్తం చేత్తో దిద్దాల్సిందేనా?

అచ్చుతప్పు · ఆదివారం, ఉదయం 7:40
మొత్తం అక్కర్లేదు అన్నా. ముందు ఒక్క పేజీ మార్చి చూడు. ఏ ఒత్తు ఎట్ల తప్పుతుందో అది ప్రతిచోటా అట్లనే తప్పుతది. క్రావడి, 'క్ష', మూడక్షరాల సంయుక్తాలు, అరసున్నా, కొటేషన్ గుర్తులు ముందు చూసుకో. ఆ జాబితా పెట్టుకుని వర్డ్‌లో వెతికి మార్చు ఆదేశంతో ఒక్కొక్కటే దిద్దు. 'అన్నీ మార్చు' నొక్కకు, మంచివి కూడా పాడైతయ్. అసలు ఫైలు కాపీ విడిగా ఉంచుకున్నాకే మొదలుపెట్టు.